ఇరవైనాలుగు ఆకులు

బడి సంచీ భుజాన వేలాడుతుండగానే తూనీగ కంచె దగ్గర ఆగిపోయింది. పక్కింటి అత్త కోకో తోటలో, కాలువ గట్టు వరుసలో, ఎనిమిది చెట్లకు నడుం చుట్టూ ఎర్ర రంగు పూసి ఉంది.

ఆ పిల్లకు పదకొండేళ్ళు. ఒక్క చోట నిలవదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు తూనీగ. ఇవాళ మాత్రం కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి.

"అత్తా, ఆ రంగేంటి?"

అత్త గట్టు మీద కూర్చుని ఉంది. "ల్యాబ్ రిపోర్టు వచ్చిందమ్మా. ఎనిమిదింటికీ వైరస్ అట. రేపు పొద్దున్నే రంపం మామ వస్తాడు. కొట్టేయకపోతే తోటంతా అంటుకుంటుందట."

"ఎనిమిదీనా?"

"ఎనిమిదీ. పైకి చూస్తే ఎలా నిగనిగలాడుతున్నాయో చూడు. లోపల జబ్బట." అత్త లేచి వచ్చి తూనీగ తల నిమిరింది. "నువ్వూ మీ అమ్మా ఎండలో తిరిగి ఆకులు కోసుకెళ్ళబట్టి సరిపోయింది. వేలెడంత లేవు, ఎంత పెద్ద పని చేశావే!"

తూనీగ ఆ చేతి కింద నుంచి మెల్లగా తప్పుకుంది.

పెద్ద పనే చేసింది మరి, పోయిన ఆదివారం.

తూనీగ వాళ్ళమ్మ మొక్కల ల్యాబ్‌లో పని చేస్తుంది. కోకో చెట్టుకు వైరస్ సోకితే మొదట్లో పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ఆకులు కోసుకెళ్ళి, నూరి, మెషిన్‌లో పెట్టి చూస్తారు. ఆ రోజు అమ్మ పై వరుసలు తాను తీసుకుని, కాలువ గట్టు వరుస కూతురికి అప్పజెప్పింది.

"చెట్టుకో కవరు. కవరుకు మూడు ఆకులు. చెట్టు మీద ఏ నంబరు ఉంటే కవరు మీదా అదే ఉండాలి. సరేనా?"

"సరేలేమ్మా, నేనేం చిన్నపిల్లనా?"

మొదటి చెట్టు కొమ్మ చేతికందేలా ఉంది. రెండో చెట్టు నుంచి మోకాలి లోతు బురద. కొమ్మల నిండా చీమలు. కాళ్ళకేమో కొత్త చెప్పులు. ఏ చెట్టుదైతేనేం, ఆకు ఆకే కదా అనుకుంది తూనీగ. మొదటి చెట్టు కిందే నిలబడి ఇరవైనాలుగు ఆకులూ దాని నుంచే కోసింది. మూడేసి చొప్పున ఎనిమిది కవర్లలో సర్దేసింది.

"అప్పుడే అయిపోయిందా! మా తూనీగ భలే చురుకు" అని అమ్మ మెచ్చుకుంది కూడా.

ఇప్పుడు తూనీగ ఇంట్లోకి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకుంది కానీ తినలేదు. జబ్బు ఉందని తేలింది ఆ మొదటి చెట్టుకే. మిగతా ఏడింటి సంగతి ఎవరికీ తెలియదు. తను నోరు విప్పకపోతే ఎప్పటికీ తెలియదు. రేపు చెట్లు కూలిపోతే అసలే తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

అమ్మ ల్యాబ్ నుంచి రాగానే గుమ్మంలోనే అంతా చెప్పేసింది.

అమ్మ చెప్పులు విప్పబోతూ ఆగింది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

"ఎనిమిది కవర్లూ ఒకే చెట్టువా?"

తూనీగ తలూపింది.

"మెషిన్‌కేం తెలుసు? మనం ఏ ఆకు పెడితే దాని సంగతే చెబుతుంది." అమ్మ గొంతు తగ్గిపోయింది. "ఆ చెట్టు మంచిదే అయ్యుంటే, అన్నీ బాగున్నాయని రాసి ఇచ్చేవాళ్ళం. జబ్బు చెట్లేవైనా ఉంటే తోటలోనే ఉండిపోయేవి."

అమ్మ ల్యాబ్ పెద్దసారుకు ఫోన్ చేసింది. "అవునండి... మా అమ్మాయేనండి... తప్పు నాదండి, నేను చూసుకోవాల్సిందండి." ఒక్కో "అండి"కీ తూనీగ తల ఒక్కో అంగుళం కిందికి దిగింది.

"రేపు రంపం ఆపిస్తారట. ఏడు చెట్ల ఆకులు మళ్ళీ పంపాలి" అంది అమ్మ ఫోన్ పెట్టేసి. "పద, ముందు అత్తకు చెప్పాలి."

"నువ్వు చెప్పవా అమ్మా?"

"ఆకులు కోసింది ఎవరు?"

అత్త అంతా విని, ఎర్ర రంగు పూసిన చెట్ల వైపు తిరిగింది.

"ఆరేళ్ళు బిందెలతో నీళ్ళు మోసి పెంచానే వాటిని" అంది. "పొద్దుటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నువ్వేమో చెప్పులు పాడవుతాయని..."

నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది తూనీగకు. "తప్పయిపోయింది అత్తా. ఇప్పుడే కోస్తాను. ఏడింటివీ."

"ఏడింటివీ కోస్తావో, మళ్ళీ ఒకదానివే కోస్తావో!"

ఆ మాటకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తూనీగ, "నువ్వూ వచ్చి చూడు అత్తా" అంది.

చెప్పులు గట్టు మీద వదిలి బురదలో దిగింది. అమ్మ, అత్త గట్టు మీద నిలబడ్డారు. తూనీగ చెట్టు మీద నంబరు పైకి చదివింది, మూడు ఆకులు కోసింది, కవరు మీద నంబరు మళ్ళీ చదివింది. చీమలు కుట్టిన చోటల్లా చేతులు దద్దుర్లు తేలాయి. రెండు, మూడు, నాలుగు... ఏడు.

ఎనిమిదో చెట్టు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. రెండు ఆకులు కవరులో పడ్డాయి. మూడోది చేతిలోంచి జారి కింద పడింది. కింద అప్పటికే నాలుగైదు ఆకులు రాలి ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"అదిగో, నీ కాళ్ళ దగ్గరే ఉందిగా. తీసుకుని వచ్చెయ్యి, చీకటి పడుతోంది" అంది అత్త.

తూనీగ వంగి చూసింది. ఒక ఆకు తీసింది, తిప్పి చూసింది, మళ్ళీ కింద పడేసింది.

"ఇది ఏ చెట్టుదో నాకు తెలీదు అత్తా" అంది. మునివేళ్ళ మీద నిలబడి, ఎనిమిదో చెట్టు పై కొమ్మకు చేయి చాపింది.