జడ్జిగారి ఒక్క స్టార్

"ఒక్కటే స్టార్!" అంది జడ్జి.

డ్రాయింగ్ క్లాసులో వెనక బెంచీ దగ్గర ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. గ్లోబు చేతిలో స్కెచ్ పెన్ను గాల్లోనే నిలిచిపోయింది. గుసగుస స్టిక్కర్ల షీటు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

ముందు వీళ్ళెవరో చెప్పాలి కదా! జడ్జి అంటే నల్లకోటు వేసుకుని కోర్టులో కూర్చునే జడ్జి కాదు. ఐదో తరగతి పిల్ల. రెండు జడలు, ఊడిపోయిన ఒక పన్ను. దేన్ని చూసినా టకీమని తీర్పు చెప్పేస్తుంది. ఈ కర్టెన్ రంగు బాగాలేదు, ఆ మామయ్య నవ్వితే భయమేస్తుంది, పోయినసారి సబ్బే నయం. కోడిగుడ్డు మీద ఈకలు పీకమంటే గుప్పెడు పీకి చేతిలో పెట్టే రకం. అందుకే వాళ్ళ నాన్న ముద్దుగా 'జడ్జిగారు' అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పేరు మెల్లగా ఇంటి గడప దాటి, స్కూలు బస్సెక్కి, క్లాసులోకి కూడా వచ్చేసింది.

గ్లోబు బుగ్గలు గుండ్రంగా ఉంటాయి. పైగా ఏ వీధి ఎటు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు. ఇక గుసగుస ఈ ఏడాదే కొత్తగా చేరింది. ఏం మాట్లాడినా పక్కనున్న వాళ్ళ చెవికి మాత్రమే వినబడుతుంది. ఆ చెవి ఎప్పుడూ జడ్జిదే. ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే రబ్బరు, ఒకే రహస్యాల పుట్ట.

డ్రాయింగ్ టీచర్ అందరినీ ఊరి మ్యాపులు వేయమంది. ఒక గ్రూపు పార్కులు తీసుకుంది, ఇంకొకటి లైబ్రరీలు. వీళ్ళు ముగ్గురూ మాత్రం 'మన ఊళ్ళో మంచి బబుల్ టీ ఎక్కడ దొరుకుతుంది?' అని పెద్ద చార్టు మీద రాసుకున్నారు. బబుల్ టీ తెలుసుగా? చల్లటి పాల టీ, దాని అడుగున నల్లటి గుండ్రటి ముత్యాలు. నిజం ముత్యాలు కాదులెండి. పిండితో చేసి, ఉడికించి, తీపి పాకంలో వేసినవి. లావుపాటి స్ట్రాతో పీలిస్తే సర్రున నోట్లోకి వచ్చేస్తాయి. మెత్తగా, సాగుతూ భలే ఉంటాయి.

వీధులు గీయడం గ్లోబు పని, రంగులు గుసగుస పని. తాగి చూసి స్టార్లు వేయడం ఎవరి పనో వేరే చెప్పాలా?

శనివారం నాన్న స్కూటర్ మీద జడ్జి ఊరంతా తిరిగింది. గడియారం సెంటర్లో తాగింది, రైల్వే స్టేషన్ ఎదుట తాగింది, సినిమా హాలు పక్కన తాగింది. స్కూలు మలుపులో ఉన్న పసుపు గొడుగు కొట్టుకు వచ్చేసరికి పొట్ట డప్పులా ఉబ్బిపోయింది. ఇక చోటెక్కడిది? కప్పు ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంది. మర్నాడు సాయంత్రం తీసి తాగింది.

"ముత్యాలు కాదు, రాళ్ళు! దవడలు నొప్పెట్టాయి," అంది జడ్జి ఇప్పుడు.

గుసగుస ఆమె చెవి దగ్గరికి వంగింది. "అది మా అమ్మ కొట్టే," అంది, ఎప్పటికంటే మెల్లగా.

"తెలుసు. కానీ స్నేహం స్నేహమే, స్టార్లు స్టార్లే. ఫ్రెండ్ వాళ్ళ కొట్టు కదా అని ఎక్కువ వేస్తే నన్ను జడ్జి అని ఎవరంటారు?"

"మా అమ్మ ముత్యాలు గట్టిగా ఉండవే."

"నేను తాగాను కదా! అబద్ధం చెబుతున్నానా?"

అబద్ధం చెప్పడం లేదు, పాపం. అదే వచ్చిన చిక్కు. గుసగుస షీటులోంచి ఒక్క స్టార్ ఊడదీసి, పసుపు గొడుగు బొమ్మ పక్కన తనే అతికించింది.

టీచర్‌కు మ్యాపు తెగ నచ్చింది. తీసుకెళ్ళి వరండాలో మంచినీళ్ళ ఫిల్టర్ పైన తగిలించింది. నీళ్ళు తాగడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అక్కడ ఆగి చదవడమే. పెద్ద క్లాసుల అక్కలూ అన్నలూ కూడా, "ఎవరు చేశారర్రా? భలే ఉందే!" అన్నారు. జడ్జి కాళ్ళు నేల మీద నిలవలేదు.

కానీ రెండు రోజులు తిరక్కుండానే పిల్లలు ఆ కొట్టుకు పేరు పెట్టేశారు. 'ఒక్క స్టార్ కొట్టు' అట! స్కూలు వదలగానే పసుపు గొడుగు కింద గుంపుగా మూగేవాళ్ళు కాస్తా అటు చూడకుండా, గడియారం సెంటర్ దాకా నడిచి వెళ్ళసాగారు. కొట్టు ఈగలు తోలుకుంటోంది.

గుసగుస అలగలేదు, పోట్లాడలేదు. బెంచీ కూడా మారలేదు. మాట్లాడడం మాత్రం మానేసింది. లెక్కల టీచర్ చొక్కా తిరగేసి వేసుకొచ్చిన రోజున కూడా ఆమె నోరు మెదపలేదు. అంత మంచి కబురు ఉండి కూడా జడ్జి చెవి ఖాళీగా ఉండిపోయింది. ఆ రోజు జడ్జికి అన్నం కూడా సయించలేదు.

శుక్రవారం గుసగుస లంచ్ బాక్సు మర్చిపోయి వెళ్ళిపోయింది. జడ్జికి మనసులో సంతోషమే కలిగింది. ఇదే వంకన మాట కలపొచ్చు కదా! బాక్సు పట్టుకుని మలుపులో కొట్టుకు వెళ్ళింది.

జిరాక్సు షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య చిన్న కొట్టు అది. లోపల స్టూలు మీద గుసగుస హోంవర్క్ చేసుకుంటోంది. ఆమె అమ్మ పెద్ద గిన్నెడు నల్లటి ముత్యాలను చెత్తబుట్టలోకి వంపుతోంది.

"అయ్యో, ఎందుకు పారేస్తున్నారు ఆంటీ?" అంది జడ్జి.

"పొద్దున ఉడికించినవి తల్లీ. సాయంత్రానికి బిగుసుకుపోతాయి. అలాంటివి అమ్మితే నా పేరేం కావాలి?" అని ఆమె చేతులు తుడుచుకుంది. "నువ్వు జడ్జివి కదూ? ఇంట్లో ఇది నోరు విప్పితే నీ మాటే. రా, కూర్చో. కొత్తగా ఒక వాయి ఉడికించాను, తాగి వెళ్ళు."

గుసగుస తల ఎత్తలేదు.

జడ్జి స్ట్రా పెట్టి పీల్చింది. సర్రున ఒక ముత్యం వచ్చింది. వెచ్చగా, మెత్తగా ఉంది. పంటి కింద సాగింది. ఊరంతా తిరిగి తాగిన టీల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు.

"ఆంటీ, మీరు చేసే పద్ధతేమైనా మార్చారా?"

"నాకు తెలిసిందే ఒక్క పద్ధతి. ఇంక మార్చేదేముంది?" అని ఆమె నవ్వింది.

జడ్జి చూపు మూతలు అతికించే మిషన్ దగ్గర పేర్చిన కప్పుల మీద పడింది. కప్పు మీద అతికించిన మూత కాగితం నడిమధ్య ఎర్రటి అక్షరాలున్నాయి. 'వెంటనే తాగండి. ఫ్రిజ్‌లో పెట్టకండి.'

ఆ రోజు తను స్ట్రా గుచ్చింది సరిగ్గా ఆ అక్షరాల మీదే.

"ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుంది ఆంటీ?" గొంతు చిన్నదైపోయింది.

"గోలీలైపోతాయి! మర్నాటికి వాటితో మామిడికాయలు కొట్టొచ్చు!" ఆంటీ పకపకా నవ్వి, అంతలోనే నిట్టూర్చింది. "మీ స్కూల్లో ఏదో మ్యాపు పెట్టారటగా? ఎవరు చేశారే అంటే, తెలీదంటుంది ఇది. అప్పట్నుంచీ బేరాల్లేవు తల్లీ. ఇలాగే ఉంటే ఈ కొట్టు ఎత్తేసి, ఊరికి ఆ చివర మా అన్నయ్య వాళ్ళ వీధిలో పెట్టుకోవాలి. అప్పుడు దీనికి మళ్ళీ స్కూలు మార్పు."

జడ్జి గుసగుస వైపు చూసింది. గుసగుస పుస్తకం వైపు చూసింది. తెలీదందట! తన పేరు చెప్పనేలేదట!

జడ్జి లంచ్ బాక్సు బల్ల మీద పెట్టేసింది. "వెళ్ళొస్తా ఆంటీ," అని ఒక్క పరుగు తీసింది.

ఇంట్లో నాన్న ఉతికిన బట్టలు మడత పెడుతున్నాడు. ఆయన కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాడు. జడ్జి ఆయన పక్కన కూలబడి జరిగిందంతా చెప్పేసింది.

"నేను అబద్ధం చెప్పలేదు నాన్నా. నిజంగానే గట్టిగా ఉన్నాయి!"

"ఉన్నాయమ్మా, కాదనను. మొన్న మా షాపుకు ఒకాయన వచ్చి, అద్దాల్లోంచి ఏమీ కనబడటం లేదని నా మీద ఇంతెత్తున లేచాడు. చూస్తే ఏముంది? వాళ్ళావిడ కళ్ళజోడు పెట్టుకొచ్చాడు. కనబడలేదన్నది నిజమే కదా?"

జడ్జికి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చేసింది. "వాళ్ళు వెళ్ళిపోతే ఎలా నాన్నా? గుసగుస నాకు కావాలి. ఇప్పుడేం చెయ్యను?"

నాన్న ఆమె కళ్ళు మడత పెట్టిన తువ్వాలుతోనే తుడిచాడు. "తీర్పు చెప్పాల్సింది తమరు. నన్నడిగితే ఎలా, జడ్జిగారూ?"

సోమవారం జడ్జి అందరికంటే ముందే స్కూలుకు వచ్చింది. ఫిల్టర్ దగ్గర స్టూలు వేసుకుని, స్టిక్కర్ల షీటు తీసి, పసుపు గొడుగు పక్కన ఇంకో నాలుగు స్టార్లు అతికించబోయింది.

"వద్దు," అని వినిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే గుసగుస.

"ఊరికే స్టార్లు పెంచితే, మేము నిన్ను బతిమాలుకున్నామనుకుంటారు. మా అమ్మ టీకి ఎవరి జాలీ అక్కర్లేదు."

ఇన్ని రోజుల తర్వాత వచ్చిన మొదటి మాటలు అవి. జడ్జి చెయ్యి కిందికి దించింది. తర్వాత ఉన్న ఒక్క స్టార్‌ను గోటితో గీకి పీకేసింది. దాంతో పాటే కాస్త చార్టు కాగితం కూడా ఊడొచ్చి తెల్లటి మచ్చ పడింది. ఆ మచ్చ పక్కన పెద్ద అక్షరాలతో రాసింది.

'జడ్జి ఇక్కడ తప్పు తీర్పు చెప్పింది. వెంటనే తాగాల్సిన టీ ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తాగింది. తప్పు కొట్టుది కాదు, జడ్జిది. స్టార్లు మీరే వేయండి. వెళ్ళి, అక్కడే, అప్పుడే తాగి చూసి వేయండి.'

రాసి ఊరుకుంటే అయిపోయేదే. కానీ మొదటి ఇంటర్వెల్‌లో చూసింది, సగం మంది నీళ్ళు తాగి చదవకుండానే వెళ్ళిపోతున్నారు. చదవకపోతే ఏమవుతుందో జడ్జికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందుకని ఫిల్టర్ పక్కనే నిలబడి, గ్లాసు పట్టుకున్న ప్రతివాళ్ళకూ నోటితో చెప్పడం మొదలుపెట్టింది.

"ఓహో, జడ్జికే శిక్ష పడిందర్రోయ్!" అని ఒక పెద్ద క్లాసు అన్న అరిచాడు. అందరూ గొల్లున నవ్వారు. జడ్జి చెవులు ఎర్రగా కందిపోయాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు. బెల్లు కొట్టేదాకా చెబుతూనే ఉంది. లంచ్‌లో మళ్ళీ వచ్చి నిలబడింది. ఈసారి పక్కన గ్లోబు కూడా నిలబడి, కొట్టుకు దగ్గర దారి ఏదో చేతులూపుతూ చూపించాడు.

సాయంత్రం గేటు తెరవగానే పిల్లలు పసుపు గొడుగు వైపు తిరిగారు. కొందరు టీ కోసం, కొందరు తమాషా చూడ్డానికి. ఏదైతేనేం, వచ్చారు! వాళ్ళ ముందు పరుగెత్తిన గుసగుస గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, వీధి వీధంతా వినబడేలా అరిచింది.

"అమ్మా! పెద్ద గిన్నె పెట్టు!"

అంత గొంతు ఆ పిల్లలో ఎక్కడ దాక్కుందో! జిరాక్సు షాపాయన కూడా తొంగి చూశాడు.

జడ్జి గుంపును తప్పించుకుని లోపలికి వెళ్ళింది. "ఆంటీ, ఆ ఒక్క స్టార్ వేయమన్నది నేనే," అంది. కళ్ళు నేల మీదే ఉన్నాయి. "నేను ఫ్రిజ్‌లో పెట్టి తాగాను. మూత మీద చదవలేదు. నన్ను క్షమించండి ఆంటీ."

ఆంటీ చేతిలో గరిటె ఆగింది. ఆమె జడ్జి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. అర్థమైపోయింది.

"తెలీదన్నావు కదే, దొంగపిల్లా!" అని కూతురి జడ మెల్లగా లాగింది. తర్వాత గరిటె జడ్జి చేతికిచ్చింది. "సరే, ఇదే నీ శిక్ష. కలుపు. చెయ్యి ఆపావో, అడుగంటుతుంది."

కలపడం అంటే ఆషామాషీ కాదు. ముత్యాలు ఒకదాన్నొకటి పట్టుకుని అతుక్కుపోతున్నాయి. చెయ్యి లాగేస్తోంది, ముఖానికి ఆవిరి కొడుతోంది. ఇంత కష్టపడితే గానీ కప్పు అడుగుకు రాని వాటినా తను రాళ్ళంది? జడ్జి చెయ్యి మార్చుకుని మరీ కలిపింది.

ఎప్పటికో ఆమె చేతిలోకీ ఒక కప్పు వచ్చింది. చెక్కబల్ల మీద గుసగుస పక్కనే కూర్చుంది. గుసగుస ఆమె చెవి దగ్గరికి వంగి, లెక్కల టీచర్ చొక్కా సంగతి ఇప్పుడు చెప్పింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. జడ్జికి టీ ముక్కులోకి ఎక్కినంత పనైంది.

గ్లోబు స్టిక్కర్ల షీటు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "జడ్జీ, అందరూ వేసేస్తామంటున్నారు. నువ్వెన్ని స్టార్లు వేస్తావు? త్వరగా చెప్పు!"

జడ్జి నోట్లోంచి స్ట్రా తీయకుండానే చెయ్యెత్తి ఆపింది.

"ఆగరా బాబూ! ఇంకా నములుతున్నాను."