లాభం చుట్టు

మచిలీపట్నం కోనేరు సెంటరు దగ్గర, హోమియో మందుల షాపు మేడ మీద ఇందిరాదేవి ఆఫీసు. ఇరవై ఏళ్ళు ప్లీడరు గుమాస్తాగా పనిచేసి, మనుషులు అబద్ధాలాడే తీరు కంఠతా పట్టిన మనిషి ఆవిడ. అసిస్టెంటు బాబూరావు రిటైరైన హెడ్ కానిస్టేబులు. ముప్పై ఏళ్ళ పోలీసు ఉద్యోగంలో నేర్చుకోనిది ఈవిడ దగ్గర మూడేళ్ళలో నేర్చుకున్నానని కనిపించినవాళ్ళందరికీ చెబుతుంటాడు. అడగనివాళ్ళకి కూడా.

1999 ఆగస్టులో ఒక గురువారం పొద్దున, అరవై ఏళ్ళ ముసలావిడ గుడ్డసంచి గుండెకి హత్తుకుని లోపలికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా పేరు పెద్దింట్లమ్మండి. ఆదివారం నా కదురు తీసేస్తారంట. నేనే తప్పూ చెయ్యలేదండి."

కదురు తీయడమేమిటో బాబూరావుకి అర్థం కాలేదు. పెద్దింట్లమ్మ చెప్పుకొచ్చింది. ఘంటసాలలో నూలు వడుకు, నేత సంఘం ఉంది. నలభై మంది ఆడవాళ్ళు రాట్నం మీద నూలు వడుకుతారు. వడికిన నూలుని చట్రానికి చుట్టి, చిలపలనే కట్టలుగా కట్టి, పేరు చీటీ తగిలించి ఇస్తారు. మిల్లు నూలు తెచ్చి చేతి నూలని ఇచ్చినవాళ్ళని సంఘం క్షమించదు. అందరి ముందూ వాళ్ళ రాట్నంలోంచి నూలు చుట్టుకునే ఇనప పుల్లని, అదే కదురుని, పీకి, ఆ దొంగ చిలపతో సహా గోడ మేకుకి తగిలిస్తారు. ఆ మనిషి మళ్ళీ ఆ గడప తొక్కకూడదు.

"మొన్న నా బుట్టలో మిల్లు నూలు చిలప దొరికిందండి. నా పేరు చీటీతోనే. ఎవరు పెట్టారో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఆ రాట్నం ముందే కూర్చున్నాను. అక్కడ నుంచి లేపేస్తే నేనేం చెయ్యాలండి?"

"మీ చేతి నూలు ఏదన్నా తెచ్చారా?" అని ఇందిరాదేవి అడిగింది.

సంచిలో ఉందంది. బాబూరావు సంచి మూతి తాడు విప్పబోయాడు. లాగినకొద్దీ ముడి బిగిసింది తప్ప రాలేదు. గోరు విరిగినంత పనైంది. పెద్దింట్లమ్మ తాడుని వెనక్కి నెట్టి చిటికెలో విప్పేసింది.

"మాది ఎదురుమొండి అండి. మా నాన్న వలలు అల్లేవాడు. వల ముడి లాగితే రాదు బాబూ, నెడితే వస్తుంది."

ఇందిరాదేవి సంచిలోని చిలపని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు ఇద్దరూ ఘంటసాల వెళ్ళారు. సంఘం అధ్యక్షురాలు మంగతాయారు ఖద్దరు చీరలో, బిగించిన పెదవులతో ఎదురొచ్చింది.

"మీరు డిటెక్టివులైతే అవ్వచ్చు గానీ, మా ఆచారం మారదండి," అని ముందే చెప్పేసింది. "నా తోబుట్టువైనా సరే, కదురు తీస్తాను."

గోడకి ఒకే ఒక్క మేకు ఉంది. దానికి తుప్పు పట్టిన కదురు, దుమ్ము పట్టిన చిలప వేలాడుతున్నాయి.

"అది పాపాయమ్మది. పన్నెండేళ్ళ కిందటిది," అంది మంగతాయారు. "ఆవిడా, పెద్దింట్లమ్మా చల్లపల్లిలో ఒకే వీధివాళ్ళు. రోజూ ఒకే బస్సులో వచ్చేవాళ్ళు. పాపాయమ్మ మిల్లు నూలు తేవడం కళ్ళారా చూశానని పెద్దింట్లమ్మే చెప్పింది. పాపాయమ్మ ఏడ్చి మొత్తుకుంది. ఎవరు నమ్ముతారు, బుట్టలో సరుకుంటే? తర్వాత పిల్లని తీసుకుని గుడివాడ వెళ్ళిపోయిందన్నారు."

ఇందిరాదేవి కుర్చీ వేయించుకుని మేకుకున్న చిలపని కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. తర్వాత పెద్దింట్లమ్మ బుట్టలో దొరికిన చిలప తెప్పించింది. చేతి నూలు ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా ఉంటుంది. ఇది మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున నున్నగా ఉంది. చిక్కుపడకుండా మూడుచోట్ల దారంతో కట్టారు, మామూలు ముళ్ళు.

"బాబూరావుగారూ, దీనికి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టండి."

పాపం బాబూరావు అరుగు మీద కూర్చుని గంటసేపు లెక్కపెట్టాడు. ఆరువందల నలభై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాడు. అదే.

"మా చట్రానికి గంట ఉందండి," అంది మంగతాయారు. "ఆరువందల నలభై చుట్లు కాగానే మోగుతుంది. ఒకటి ఎక్కువ రావడమేంటి? పాతరోజుల్లో అయితే మొదటి చుట్టు లాభం అనేవాళ్ళం. అది సంఘానికి. తర్వాతిదాన్నుంచి ఒకటి, రెండు. ఇన్‌స్పెక్టరుగారు లెక్క కుదరట్లేదంటే మానేశాం. పాపాయమ్మ గొడవైన ఏడే గంట చట్రం వచ్చింది."

"ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అంటారు కదండీ?" అన్నాడు బాబూరావు.

"అక్కడ లాభం, రెండు అంటారు. మాకు లాభం, ఒకటి. అదే తేడా."

ఇందిరాదేవి అందరినీ తలో రెండు మాటలు అడిగింది. ఎవరికి ఎవరితో పేచీ, ఎవరు ఎప్పుడు చేరారు, అంతే. అందరిలోకీ చిన్నది ప్రసన్నలక్ష్మి. ఇరవై రెండేళ్ళుంటాయి. గుడివాడ నుంచి వచ్చి మూడేళ్ళయిందట. నిదానంగా, కళ్ళెత్తకుండా మాట్లాడింది.

"పెద్దింట్లమ్మగారు ఎలాంటి మనిషి?" అని అడిగింది ఇందిరాదేవి.

"పెద్దావిడ కదండీ. పని నేర్పిస్తారు."

"మిల్లు నూలు ఆవిడే తెచ్చిందంటావా?"

"బుట్టలో దొరికింది కదండీ," అంది ప్రసన్నలక్ష్మి. చేతిలోని రాట్నం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

బాబూరావుకి వడకాలని సరదా పుట్టింది. పది ఏకులు ఇమ్మని అడిగాడు. వడకడానికి చుట్టిన ఆ దూది వత్తుల్ని ప్రసన్నలక్ష్మి చేతిలో పెడుతూ పెదవులు కదిపింది. "లాభం, ఒకటి, రెండు..." పదకొండు వచ్చాయి. బాబూరావు సంతోషంగా తీసుకున్నాడు. దారం మాత్రం జానెడు కూడా రాలేదు. ఆడవాళ్ళంతా నవ్వారు. ఇందిరాదేవి నవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం నలభై మందీ హాల్లో చేరారు. పెద్దింట్లమ్మ రాట్నం మధ్యలో పెట్టారు. మంగతాయారు కదురు పీకడానికి వంగబోతుంటే ఇందిరాదేవి లేచింది.

"ఒక్క పావుగంట ఆగండి. ఈ చిలప పెద్దింట్లమ్మగారిది కాదు. ఆవిడ కట్టిన చిలపలు ఏవైనా తెచ్చి చూడండి. అన్నింటికీ లాగితే బిగిసి, నెడితే ఊడే వల ముడి ఉంటుంది. అది ఆవిడ చేతికి చిన్నప్పటినుంచి వచ్చిన అలవాటు. దీనికి మామూలు ముడి వేశారు."

బుట్టలోంచి చిలపలు తీసి చూశారు. నిజమే. పెద్దింట్లమ్మ రెండు చేతులూ జోడించి కూలబడిపోయింది. బాబూరావుకి గర్వంతో ఛాతీ ఉబ్బింది, తనే కనిపెట్టినట్టు.

"మరి ఎవరు కట్టారు? గంట చట్రం మీద చుట్టలేదు. ఇంట్లో చుట్టారు, నోటితో లెక్కపెడుతూ. మొదటి చుట్టు లాభం అని వదిలేసి, తర్వాతి నుంచి ఒకటి. పాతవాళ్ళెవరైనా కావచ్చు. కానీ పాతవాళ్ళకి పన్నెండేళ్ళుగా గంట అలవాటైంది. పైగా ఈవిడతో వాళ్ళకి ఏ పేచీ లేదు. గంట వచ్చిన తొమ్మిదేళ్ళకి చేరిన ఒక అమ్మాయి మాత్రం మొన్న మా బాబూరావుగారికి పది ఏకులిస్తూ లాభం, ఒకటి అని లెక్కపెట్టింది. ఈ లెక్క ఈ సంఘంలో తప్ప లోకంలో ఎక్కడా లేదు. ఆ పిల్లకి ఇంట్లో ఎవరో నేర్పి ఉండాలి. గుడివాడలో." ఇందిరాదేవి తిరిగి చూసింది. "ప్రసన్నలక్ష్మీ, పాపాయమ్మ నీకేమవుతుంది?"

"మా అమ్మండి," అంది ప్రసన్నలక్ష్మి. ఇప్పుడు కళ్ళెత్తింది. "పోయి నాలుగేళ్ళయింది. మంచంలో కూడా చేతులు తిప్పుతూనే ఉండేది, రాట్నం ఉన్నట్టు. ఆవిడ దోషిగా కూర్చున్నచోట ఈవిణ్ణి కూర్చోబెడదామని వచ్చాను. మూడేళ్ళు ఈవిడ పక్కనే వడికాను. ఈవిడ పెట్టిన అన్నం కూడా తిన్నాను. ఏం, తప్పా?"

"తప్పే," అంది మంగతాయారు. "ఈ పిల్ల కదురు తియ్యండి."

"తీద్దురుగాని. నేను ఇంకా అయిపోయిందనలేదు," అంది ఇందిరాదేవి. ఆవిడ గొంతులో ఆ కాఠిన్యం బాబూరావు ఎప్పుడూ వినలేదు. "పెద్దింట్లమ్మగారూ, మీ కదురు పోతుందని వణికిపోతూ నా దగ్గరికి వచ్చారు. ఆ చిలప చూసిన మొదటి క్షణంలోనే ఇది నా ముడి కాదని మీకు తెలుసు. ఒక్క మాటంటే ఇదే హాల్లో బయటపడిపోయేవారు. ఎందుకు అనలేదు?"

పెద్దింట్లమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చెబుతాను. ముడి గురించి ఎత్తితే అందరూ ముళ్ళు చూడ్డం మొదలుపెడతారు. గోడ మీద ఉన్నదాని ముడి కూడా చూస్తారు. మంగతాయారుగారూ, దాన్ని దింపండి."

మంగతాయారు దుమ్ము దులిపి, కట్టిన దారాన్ని వేళ్ళతో తడిమింది. లాగింది. బిగిసింది. వెనక్కి నెట్టింది. ముడి ఊడి ఆవిడ అరచేతిలో పడింది.

"పాపాయమ్మకి వల ముడి రాదు," అంది ఇందిరాదేవి. "మిల్లు నూలు తెచ్చింది మీరు, పెద్దింట్లమ్మగారూ. తనిఖీ వస్తోందని తెలిసి పక్క బుట్టలో పడేసింది మీరు. కళ్ళారా చూశానని సాక్ష్యం చెప్పింది కూడా మీరే."

"ఆ నెల చెయ్యి నొప్పండి," అంది పెద్దింట్లమ్మ నేల చూస్తూ. "వడకలేకపోయాను. కదురు తీసేస్తారని భయమేసింది. నేను మిమ్మల్ని పిలిచింది నన్ను కాపాడమని కదమ్మా."

"మీరు చెయ్యనిదాంట్లోంచి కాపాడాను. చేసినదాంట్లోంచి కాపాడడం నా పని కాదు."

మంగతాయారు ముఖం పాలిపోయింది. పన్నెండేళ్ళ కిందట ఆ కదురు పీకింది తన చేతులే. ఆవిడ తుప్పు పట్టిన కదురు తెచ్చి ప్రసన్నలక్ష్మికి ఇచ్చింది. తర్వాత పెద్దింట్లమ్మ రాట్నంలోంచి కదురు పీకి, అదే మేకుకి తగిలించింది. ప్రసన్నలక్ష్మి తన కదురు తనే ఊడదీసి మంగతాయారు చేతిలో పెట్టింది.

"నాదీ తీసుకోండి. ఇది చూడ్డానికే నేర్చుకున్నాను."

పెద్దింట్లమ్మ గోడ పట్టుకుని లేచింది. బాబూరావు మనసు ఆగక, బస్టాండు దాకా తీసుకెళ్తానని చెయ్యి అందించాడు. ప్రసన్నలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా అమ్మ ఆరోజు చల్లపల్లి దాకా నడిచి వచ్చింది. బస్సెక్కితే తెలిసినవాళ్ళు ఏమైందని అడుగుతారని సిగ్గు. నాకు పదేళ్ళు, గుమ్మంలో కూర్చుని చూశాను. మీరు మీ గుమ్మంలోంచి చూసి తలుపేసుకున్నారు. మీరూ నడిచే వెళ్ళండి."

బాబూరావు ఇందిరాదేవి వైపు చూశాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది. బాబూరావు అందించిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. జాలి వేసింది, కానీ ఆ జాలి ఎవరి మీదో తనకే తెలియలేదు.

పెద్దింట్లమ్మ బయటికొచ్చింది. చల్లపల్లి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కమన్నట్టు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, చెంగు తల మీదుగా లాక్కుని, ఎండలో రోడ్డు పక్కన నడక మొదలుపెట్టింది.