జూలైలో మూసిన కొట్టు

ఆర్విడ్ మాస్టారు మా రేవులో వాఫిల్ అట్ల కొట్టు తెరిచిన మొదటి రోజే గంట కొట్టాడు. నిజంగా బడి గంటే. బడి మానేసి వచ్చేటప్పుడు పిల్లలు కానుకగా ఇచ్చారట. పొద్దున గంట కొట్టి తలుపు తీస్తాడు, జనాన్ని వరసలో నిలబడమంటాడు. మధ్యాహ్నం మళ్ళీ గంట కొట్టి, విరామం అని తలుపేసుకుని తన వాఫిల్ తనే తింటాడు. సరిగ్గా మనుషులకు ఆకలేసే వేళ.

గోథెన్‌బర్గ్ నగరంలో పాతికేళ్ళకు పైగా భూగోళం చెప్పిన మనిషి. యాభై దాటాక వ్యాపార బుద్ధి పుట్టింది. బడివాళ్ళు ఆయన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంచారని మా అందరికీ తెలుసు. చలికాలం రాకముందే వెళ్ళి అందులో కూర్చుంటాడని కూడా మేమే తేల్చేశాం.

పక్క కొట్టు గునిల్లాది. పొగబెట్టిన చేపలు అమ్ముతుంది. ఆమె నోరు ఆ పొగకన్నా ఘాటు.

"మీ పొగ నా వాఫిళ్ళలోకి వస్తోందండీ. కాస్త అటు తిప్పుకోగలరా?" అని అడిగాడు మాస్టారు, రెండో రోజునే.

"గాలికి చెప్పండి మాస్టారూ. మీ పాఠమైతే వింటుందేమో."

పాపం, ఆయన నిజంగానే మొదలుపెట్టాడు, ఈ తీరంలో పడమటి గాలి ఎందుకు ఎక్కువో. గునిల్లా ఒక చేప తల నరికి లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు అదే పని. ఆయన కళ్ళజోడును వెక్కిరించింది, గంటను వెక్కిరించింది, సుద్దముక్క పట్టిన చేతికి గరిటె ఏం లొంగుతుందని ఊరంతా చెప్పింది. మే నెలలో ఒక వానరోజు రేవులో నరపురుగు లేదు. మాస్టారు గొడుగు కింద ఒక పళ్ళెం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మాడినవి తెచ్చారేమిటని ఆమె పెదవి విరిచింది. మంచివి కొనేవాళ్ళ కోసం ఉంచానన్నాడు ఆయన. కొనేవాళ్ళెవరూ రాలేదు. మాడినవన్నీ గునిల్లాయే తిన్నది, తిట్టుకుంటూ. తర్వాత వాన పడ్డప్పుడల్లా పళ్ళెం వచ్చేది. ఆయన డాల్స్‌లాండ్ అడవుల్లో ఒక సరస్సు గురించి, ఏటా సెలవుల్లో దాని ఒడ్డున తను వేసుకునే టెంటు గురించి చెప్పేవాడు. ఆమె విననట్టు వినేది.

జూన్ వచ్చింది. బడులు మూశారు. మర్నాడు మాస్టారి తలుపు మీద ఒక అట్టముక్క వేలాడింది: "వేసవి సెలవులు. ఆగస్టులో కలుద్దాం."

మా తీరంలో ఏడాది సంపాదనంతా జూలైదే. ఆ నెలలో సెలవులకు పడవల్లో వచ్చే జనం మీదే మిగతా ఏడాదంతా బతకాలి. చావొచ్చినా జూలైలో ఎవడూ కొట్టు మూయడు. ఈయన మూసి, టెంటు పట్టుకుని పోయాడు. పడవల్లోంచి దిగిన జనం ఆ అట్టముక్క చదివి పక్క ఊరి ఐస్‌క్రీములకు పోయారు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. ఒక్క గునిల్లా నవ్వలేదు. అందరినీ తిట్టింది, చేపలు కొనడానికి వచ్చినవాళ్ళతో సహా.

జూలై మొదటి శనివారం ఆమె కారెక్కి వెళ్ళిపోయింది. అక్కడ జరిగింది తర్వాత ఆమే చెప్పింది, సగం తిట్లతో.

మాస్టారు సరస్సు ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నాడట.

"జూలైలో ఎవరైనా కొట్టు మూస్తారా?" అంది.

"ఇన్నేళ్ళూ జూన్‌లో తాళం వేసి సెలవులకు పోయిన చేతులు కదా. వాటంతట అవే వేసేశాయి." ఆయన ఆమె వైపు చూడలేదు. "ఇక్కడికొచ్చిన మూడో రోజుకి తెలిసింది ఎంత వెధవపని చేశానో. మీరంతా నవ్వుతుంటారని రాలేకపోయాను. మా బడి హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. మళ్ళీ చేరతానో లేదో సోమవారం ఖాయంగా చెప్పాలి."

"ఏం చెబుతారు?"

"వస్తానని. మీరన్నది నిజమే, ఈ చేతికి గరిటె లొంగదు."

గునిల్లా ఒక్క తిట్టూ తిట్టకుండా ఆయన పక్కనే గడ్డి మీద కూర్చుంది. ఆమెకు అది అలవాటు లేని పని.

"మీ కొట్టు ఎవరు చూస్తున్నారు?" అని అడిగాడు మాస్టారు, ఏదో ఒకటి అడగాలని.

"ఎవరూ లేరు. మూసి వచ్చాను."

గాలం కర్ర ఆయన చేతిలోంచి జారి నీళ్ళలో పడిపోయింది. మనిషి మందబుద్ధి అయినా ఈ కొద్ది నెలల్లో ఆ రేవు సంగతి అంత మాత్రం నేర్చుకున్నాడు.

"జూలైలోనా?"

"జూలైలోనే. శనివారం పూట. నువ్వు మళ్ళీ ఆ బడికి పోతే నావల్ల కాదు ఆర్విడ్. ఇంక చూస్తూ కూర్చోకుండా టెంటు పీకి కారెక్కు."