ఎడమవైపు వెనక డోరు

గోపాల్ రావుకు తాతల నాటి దొరతనం పోయింది గానీ, దొరా అని పిలిపించుకునే యావ పోలేదు. కథలాపూర్ దగ్గర వాళ్ళ ఊళ్ళో, రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్ళ నాటి జర్మనీ కారు ఒకటి పెట్టుకున్నాడు. టైర్లు అరిగిపోయాయి, నెంబరు మాత్రం ఫ్యాన్సీ. ఆ సాయంత్రం దాన్ని కొనేవాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. కంపెనీ పెయింట్ ఉంటేనే ధర పలుకుతుంది కాబట్టి, పెచ్చులూడిన చోట్ల వరకే టచప్ చెయ్యమని కోరుట్ల నుంచి నన్ను పిలిపించాడు. పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి పట్టుకొని, "బ్రష్ పట్టుడన్న వస్తదారా సంజీవ్?" అన్నాడు. ఈయనగారికి తన కారు డోరు తాను తీసుకోవడమే రాదు!

మధ్యాహ్నం. బయట ముసురు. పెచ్చులూడిన మచ్చలన్నీ ఎడమవైపు వెనక డోరు పిడి కింద ఒకేచోట ఉన్నాయి. మొత్తం ఐదు. శుభ్రంగా తుడిచి, అగ్గిపుల్ల మొనతో ఒక్కో చుక్క ముదురు నీలం రంగు పెట్టాను. ఆరాక రెండో పూత వెయ్యాలి. పుల్ల థిన్నర్‌లో కడుగుదామని అటు తిరిగాను.

టిక్.

చూస్తే ఒక చుక్క లేదు. రేకు తళతళలాడుతోంది. చెమ్మకు ఊడిందేమోనని మళ్ళీ పెట్టాను. టిక్... ఇంకొకటి. థిన్నర్ వాసనలో నొప్పుల మందు వాసన కలిసింది. ఘాటుగా... నా మెడ పక్కనే.

గొడుగు వేసుకొని గోపాల్ రావు వచ్చాడు.

"ఇంక కాలేదారా?"

"రంగు ఆగుతలేదు సార్. గీ దెబ్బలు దేనివి?"

"మా డ్రైవర్ కిష్టిగాని ఉంగరంవి. ఇరవై ఏండ్లు డోర్ తీసిండు, తీసినప్పుడల్లా తాకిచ్చిండు. ఎప్పుడు సూసినా నొప్పుల మందు వాసన. మొన్న ఎండకాలం సచ్చిండు." నవ్వాడు. "వాని పెండ్లాం ఐలమ్మ అచ్చి, మా ఆయనకు పానం బాగలేదు, కార్ల కరీంనగర్ దవాఖానకు పంపు దొరా అని ఒక్కటే ఏడుపు. సీట్లు కరాబైతయి, పో అన్న. ఆటోల పోంగ సగం తొవ్వల్నే పాయె."

మనిషి ప్రాణం కన్నా సీటు మీది తోలు ముద్దు. అసహ్యమేసింది. ఆ మాట మొహం మీద అనలేని నా మీద కూడా వేసింది.

టిక్.

డోరు తెరుచుకుంది. ఎవరూ తీయలేదు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను... గోపాల్ రావు గొడుగు నా చేతికిచ్చి, తీసిందెవరో కూడా చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళ అలవాటు మరి! డోరు మెల్లగా మూసుకుంది.

అప్పుడు ముందు సీటు వైపు చూశాడు. పెదాలు కదిలాయి. మాట వినపడలేదు. నేను పిడి పట్టుకొని లాగాను. రాలేదు. ఇంకోసారి లాగాను...

కాసేపటికి తనే కుడివైపు నుంచి దిగాడు. కారు చుట్టూ తిరిగి వచ్చాడు. నన్ను చూడలేదు. ఎడమవైపు వెనక డోరు తన చేత్తో తీసి, నడుం వంచి నిలబడ్డాడు.

"ఎక్కుండ్రి దొరా..."

సీటు ఒక మనిషి బరువుకు కుంగింది.

డోరు రెండు చేతులతో మూసి, పోయి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. గోపాల్ రావుకు డ్రైవింగ్ రాదు. కారు చక్కగా రివర్సులో షెడ్డు దాటింది.

వెనకే పరుగెత్తాను. గేటు దగ్గర ఒక ముసలామె తడుస్తూ నిలబడింది. దవాఖానకు పోయేవాళ్ళలా చేతిలో దుప్పటి, నీళ్ళ సీసా. "ఐలమ్మవా?" అంటే తలూపింది. కారు ఆమె పక్కన ఆగింది. వెనక అద్దం దిగింది. ఆమె దుప్పటి లోపలికి అందించింది. ఎవరో అందుకున్నారు.

"దొరను తీస్కపో," అంది, వెనక సీటుతో, మెల్లగా. "మల్ల తీస్కరాకు."

కారు కదిలింది. ముందు అద్దానికి గోపాల్ రావు రెండు అరచేతులూ ఆనించి ఉన్నాయి. స్టీరింగు తిరుగుతోంది...