పై హాల్లో ఊపిరి

బీరూట్‌లో అష్రఫియే కొండ మీద ఉన్న ఆ ఇంటికి మంచి పేరు లేదు.

ఇప్పుడది బొమ్మల గ్యాలరీ. పగలు జనం వస్తారు, పటాల ముందు తల పక్కకి వంచి నిలబడతారు, పోతారు. చెడ్డపేరంతా పై అంతస్తులో ఉన్న హాలుది. అదీ చీకటి పడ్డాకే, అదీ కరెంటు పోయినప్పుడే. ఊరి కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఓ పన్నెండు సెకన్లు పడుతుంది. ఆ కాస్త చీకట్లో హాల్లో ఎవరో ఊపిరి పీలుస్తారట — పాట ఎత్తుకోబోయే మనిషి పీల్చినట్టు...

పాట మాత్రం రాదట.

ఇది మొదలై నాలుగేళ్లు. అలెగ్జాండ్రియా నుంచి ఇవెట్ అనే ఒపెరా గాయని వచ్చి ఆ హాల్లో కచేరీ చేసింది. పియానో దగ్గర ఆమె భర్త వదీ బిషారా. చివరి పాటలో కరెంటు పోయింది. కరెంటు పోయినా పాట ఆపకపోవడం ఆ ఊరి కచేరీల్లో మర్యాద. చీకట్లో ఇవెట్ ఊపిరి పీల్చుకోవడం అందరూ విన్నారు. పాట రాలేదు. దీపాలు వెలిగేసరికి ఆమె పియానో కాళ్ల దగ్గర పడి ఉంది. తెల్లారేలోపు ఆస్పత్రిలో పోయింది.

కిందటి నవంబర్లో వదీ బిషారా మళ్లీ ఆ ఇంటికి వచ్చాడు.

అతనికి అరవై ఎనిమిదేళ్లు. ఇవెట్ పోయాక ఎవరి పాటకీ పియానో వాయించలేదు. ఎవరు పిలిచినా వద్దనేవాడు. తలార్ అనే బీరూట్ గాయని ఫోన్ చేసి గ్యాలరీ పేరు చెప్పినప్పుడు మాత్రం, తేదీ కూడా అడక్కుండా సరేనన్నాడు. తన అదృష్టమే అనుకుంది ఆ అమ్మాయి.

హాలు గురించిన మాట అప్పటికే అతని చెవిన పడింది. అతను వచ్చింది తలార్ పాట కోసం కాదు. ఆ పన్నెండు సెకన్ల కోసం.

పాటకి పియానో వాయించే మనిషి గాయని ముఖం చూడడు, వేళ్ల మీద లెక్కపెట్టడు. ఆమె ఊపిరి వింటాడు. ఊపిరి లోపలికి వెళ్లిందంటే వేళ్లు కిందికి దిగాలి. ముప్పై ఒక్కేళ్లు వదీ ఒక్క ఇవెట్ ఊపిరినే నమ్ముకుని వాయించాడు. ఆమెది అందరి ఊపిరి లాంటిది కాదు. సగం పీల్చి, పంటితో దారం కొరికినట్టు చిన్నగా ఆగి, మిగతా సగం పీల్చేది. చిన్నప్పటి ఉబ్బసం మిగిల్చిన అలవాటు. ఏ గురువూ మాన్పించలేకపోయాడు.

ఆ ఊపిరి ఒక్కసారి వినాలి. అంతే అతనికి కావలసింది.

కచేరీ రోజు మధ్యాహ్నం అతను పియానో మీద వేళ్లు ఆడించుకుంటుంటే గ్యాలరీ కాపలా మనిషి ఉమ్ గత్తాస్ కాఫీ తెచ్చింది.

"ఖవాజా," అంది, అయ్యగారూ అన్నట్టు. "మీరేనా ఆవిడ భర్త?"

"నేనే."

"గుండె గట్టిదే. నేనైతే చీకటి పడ్డాక ఒంటరిగా ఈ మెట్లెక్కను."

"నువ్వు విన్నావా?"

"ఒకసారా? కరెంటు వాళ్లు ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లు! ఈ ఊళ్లో టైముకి పనిచేసేది ఆ దెయ్యం ఒక్కటే." నవ్వింది. అతని ముఖం చూసి, గబగబా శిలువ గుర్తు వేసుకుంది. "ఏమీ అనుకోకండి. ఆవిడ ఆత్మకి శాంతి కలగాలి."

"ఎలా ఉంటుందది? ఒకేసారి పీలుస్తుందా... మధ్యలో ఆగుతుందా?"

"దెయ్యం ఊపిరి పీలుస్తుంటే నిలబడి కొలుస్తానా ఖవాజా? మెట్లమీంచి పరుగే!"

ఆ పేటలో కరెంటు రోజూ రాత్రి తొమ్మిదికి పోతుంది. కచేరీ ఎనిమిదికి. పాటల వరస వదీయే వేశాడు. చివరి పాట సరిగ్గా తొమ్మిదికి పడేట్టు వేశాడు. చావబోయే పిల్ల ప్రియుడికి వీడ్కోలు చెప్పే పాట. నాలుగేళ్ల కిందట ఆగిపోయింది అదే.

హాల్లోకి వెళ్లేముందు తలార్ అతని చేయి పట్టుకుంది. "మాస్టారూ, చివరిది మార్చేద్దామా? నాకేం భయం లేదు. మీ గురించే."

"వద్దమ్మా. నువ్వు పాడు."

హాల్లో ఎనభై కుర్చీలు. గోడల నిండా పటాలు. ఆ పిల్ల బాగా పాడింది. వదీ కూడా బాగానే వాయించాడు. పాటకీ పాటకీ మధ్య గడియారం చూసుకోవడం ముందు వరసలో వాళ్లు గమనించారు.

చివరి పాట మొదలైంది. అందులో ఆఖరి పాదానికి ముందు ఒక నిశ్శబ్దం ఉంది. పియానో ఆగుతుంది, గొంతు ఆగుతుంది, గాయని ఎంతసేపంటే అంతసేపు. వదీ చేతులు పైకెత్తి ఆగాడు.

దీపాలు పోయాయి.

ఒకటి... రెండు... ఎవరో కుర్చీలో కదిలారు. మూడు... నాలుగు...

అప్పుడు వినిపించింది. దగ్గరగా — చెవి పక్కనే అన్నంత దగ్గరగా. సగం ఊపిరి. దారం కొరికినట్టు చిన్న ఆగుడు. మిగతా సగం.

అతని వేళ్లు వాటంతటవే దిగాయి.

పాట రాలేదు. పియానో ఒక్కటే మోగింది... ఆ తర్వాతే గొంతు లేచింది. అది తలార్ గొంతు. పరుగెత్తి అందుకున్న గొంతు. చీకట్లోనే పాట ముగిసింది. దీపాలు వెలిగాయి, చప్పట్లు మోగాయి. వదీ పీట మీంచి లేవలేదు. ముఖం తడిసిపోయి ఉంది.

జనం వెళ్లాక తలార్ వచ్చి నడుమున చేతులు పెట్టుకుంది.

"ఏంటి మాస్టారూ ఆ తొందర? నేనింకా గాలే పీల్చుకోలేదు! రైలెక్కడానికి ఒక కాలు పెడితే బండి కదిలిపోయినట్టయింది నాకు."

"ఊపిరి విన్నాను."

"నాది కాదు."

"నీది కాదని తెలుసు."

వైర్లు చుట్టుకుంటున్న రికార్డింగ్ అబ్బాయి రబీ తలెత్తాడు. "ఓ, ఆ ఊపిరా? అది దెయ్యం కాదండీ. పటాలకి చెమ్మ పట్టకుండా అటకమీద ఒక మెషీన్ ఆడుతుంది. కరెంటు పోగానే గాలి లాక్కుని ఆగుతుంది. ఉమ్ గత్తాస్‌కి వందసార్లు చెప్పాను, నమ్మదు."

"ఇవాళ కూడా ఆడుతోందా?" అన్నాడు వదీ.

రబీ చేతిలో వైరు ఆగింది. "లేదు... చప్పుడు చేస్తుందని సాయంత్రమే నేనే ఆపేశాను."



"నీ రికార్డింగ్ పెట్టె బ్యాటరీ మీద కదా ఆడింది," అన్నాడు వదీ. "వినిపించు."

వినిపించాడు. సగం... చిన్న ఆగుడు... మిగతా సగం. స్పష్టంగా ఉంది. ముప్పై ఒక్కేళ్లు విన్నదే. వదీ కళ్లు మూసుకున్నాడు. "ఆవిడే," అన్నాడు.

"ఏ మైకులో పడిందో చూస్తానుండండి," అన్నాడు రబీ. తలార్ మైకులో ఏమీ లేదు. జనం వైపు పెట్టినదానిలో వినీ వినబడనట్టు. మూడోదానిలో గట్టిగా ఉంది. "ఇది మీ తల పైన కట్టింది మాస్టారూ..." మొదటి పాటకి వెళ్లాడు. రెండోదానికి వెళ్లాడు. ప్రతి చరణం ముందూ అదే ఊపిరి.



తలార్ మెల్లగా అంది. "రిహార్సల్లోనే విన్నాను. నాకోసమే చేస్తున్నారనుకున్నాను. మీరలా పీలిస్తే నాకు పాడటం తేలికైంది. మీకు తెలియదా?"

అతనికి తెలియదు. ఆ అలవాటు తనలోకి ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు. ఇన్నేళ్లలో తను విన్నవాటిలో ఆవిడవి ఎన్నో, తనవి ఎన్నో ఇక ఎవరూ తేల్చలేరు. నాలుగేళ్లుగా ఈ హాలు తన కోసం దాచిపెట్టిందనుకున్నది ఇక్కడ లేదు. ఎప్పుడూ లేదు.

తలార్, రబీ కిందికి వెళ్లారు. ఉమ్ గత్తాస్ మెట్ల దగ్గర్నుంచి కేకేసింది. "ఖవాజా, జనరేటర్ ఆపేస్తున్నాను. డీజిల్ అడుగంటింది!"

"ఆపెయ్. ఒక్క నిమిషంలో వస్తాను."

హాలు చీకటైపోయింది. పియానో ముందు కూర్చుని వదీ ఊపిరి బిగబట్టాడు. తనది లేకుండా ఈ హాల్లో ఇంకేదైనా ఉందేమో వినాలని... బిగబట్టగలిగినంతసేపు బిగబట్టాడు. దూరంగా వీధిలో మోటర్‌సైకిల్ పోయింది. పటాలు, కుర్చీలు. అంతే.

ఇక ఛాతీ ఆగలేదు. గాలి లోపలికి వచ్చింది — సగం. దారం కొరికినట్టు చిన్న ఆగుడు. మిగతా సగం.

గుమ్మం దగ్గర టార్చి కింద పడ్డ చప్పుడు.

"మరియమ్మ తల్లీ!" అతనికి దారి చూపడానికి పైకొచ్చిన ఉమ్ గత్తాస్ గొంతు. "ఖవాజా... విన్నారా?"

అతను చేయి ఛాతీ మీద పెట్టుకున్నాడు. 

"విన్నాను."

"ఆవిడేనా?"

చీకట్లోనే పియానో మూత వేశాడు.

"ఆవిడే."