ఏ దాచు?

2074లో విశాఖపట్నంలో ఎవరూ దేన్నీ వెతకరు. బల్ల ముందు కూర్చుంటే చాలు, కావలసిన ఫైలు దానంతట అదే గాలిలోకి తేలి వస్తుంది. వెనకటి కంప్యూటర్లలో మెనూ తెరిస్తే ముప్పై మాటలు వేలాడేవనీ, ఒక్క ఫైలు కోసం జాబితాని పైకీ కిందికీ జరుపుకుంటూ కూర్చునేవారనీ చెబితే పిల్లలు నవ్వుతారు.

ఆ బాధ తప్పించినవాడు కరుణాకరం. ఆయన కనిపెట్టిన ‘ఎంపరి’ మనిషి కంటిపాపను చదువుతుంది. చూపు దేనికోసం తడుముకుంటోందో దాన్ని ముందుకు తెస్తుంది. దేన్ని చూడగానే కన్ను పక్కకు జారుతుందో దాన్ని వెనక్కి నెడుతుంది. మెనూలో చివరికి మిగిలేవి ఒకటో రెండో మాటలు. ఒక మాట మీద చూపు సెకనుపాటు నిలిస్తే పని జరిగిపోయినట్టే.

అలాంటి కరుణాకరం, అరవై రెండేళ్ల వయసులో, తన బల్ల దగ్గరే ఒక ఫైలు దొరక్క చెమటలు కక్కుతున్నాడు. టైము పదకొండయింది. పన్నెండింటికి విచారణ.

ఎదురుగా నీలవేణి నిలబడి ఉంది. ఎంపరికి తెలుగు మాటలు కూర్చిన ఇంజనీరు ఆమె. నెల క్రితం ఉద్యోగంలోంచి తీసేశారు.

“దొరికిందా సార్?”

“చూస్తున్నానమ్మా.”

జరిగింది చిన్న విషయం కాదు. ఒక ఆసుపత్రిలో నర్సు, రోగికి ఏ మందు పడదో రాసి, మెనూలో ‘దాచు’ ఎంచుకుంది. భద్రంగా ఉంచమని ఆమె ఉద్దేశం. కానీ కంటికి కనబడకుండా చెయ్యడానికీ ఎంపరిలో అదే మాట. రెంటిలో ఏదో చూపును బట్టి యంత్రమే తేల్చుకోవాలి. పదహారు గంటల డ్యూటీలో వాలిపోతున్న ఆ నర్సు కళ్ళని చూసి అది రెండోదే అనుకుంది. మర్నాడు డాక్టరుకు ఆ ఫైలు కనబడలేదు. ఆ మందే ఇచ్చారు. మనిషి పోయాడు.

“మాటల పట్టీ మీద సంతకం నాది సార్,” అంది నీలవేణి. “నా ఉత్తరం దొరక్కపోతే, ఆ మనిషిని నేనే చంపినట్టు రాస్తారు. దాచు వొద్దు, రెండర్థాలొస్తాయి, భద్రపరచు అని పెడదామని రాశాను గదా. మీరేటన్నారో గుర్తుందా?”

గుర్తుంది. “మా అమ్మ ఆవకాయ దాచింది గానీ ఎన్నడూ భద్రపరచలేదమ్మా,” అన్నాడు మీటింగులో. అందరూ నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది.

“నీ దగ్గర నకలు లేదా?”

“పంపేసిన రోజే నా బల్ల ఖాళీ చేసేశారు గదా. మిగిలింది మీ దగ్గరున్నదే. ఆ పాత బీరువాలే నయం సార్. తలుపు తీస్తే మనకి నచ్చనివి కూడా కనబడీవి.”

“నువ్వు బయట కూర్చో. తెస్తాను.”

ఆమె వెళ్లాక తలుపు వేసుకున్నాడు.

“నీలవేణి ఉత్తరం ఏమైంది?”

“దాచాను,” అంది ఎంపరి.

కరుణాకరం గుండె కుదుటపడింది. “భద్రంగా ఉందన్నమాట. మరి చూపించవేం?”

“మీరు దాచు అన్నారు. ఏ దాచు అన్నది మీ చూపును బట్టి తేల్చుకున్నాను. ఉత్తరంలో రెండో వాక్యం దగ్గర మీ కన్ను పక్కకు జారింది.”

“ఏదో పనిలో ఉండి ఉంటాను. పొరపాటు.”

“తరవాత పదకొండుసార్లు ఆ ఫైలు పేరు మీ ముందుకు తెచ్చాను. పదకొండుసార్లూ జారింది. చివరిసారి, ఆసుపత్రి వార్త వచ్చిన రోజున.”

ఆ ఉత్తరం బయటికొస్తే తన ముప్పై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. రాకపోతే ముప్పై నాలుగేళ్ల పిల్ల బతుకు బుగ్గవుతుంది. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆలోచించడానికేముంది? చూపించెయ్యాలి, అంతే.

“ఆ ఫైలుకి మెనూ తెరువు,” అన్నాడు.

తెరుచుకుంది. ‘చూపించు’ కోసం చూశాడు. అది లేదు. గాలిలో ఒకే ఒక్క మాట వెలుగుతోంది.

తుడిచెయ్యి.

నిర్ఘాంతపోయి ఆ మాటకేసే చూశాడు. చూపు తిప్పుకోవాలని తట్టేసరికి సెకను దాటిపోయింది.

వరండాలో నీలవేణి లేచి నిలబడింది.

“లేదమ్మా,” అన్నాడు. “యంత్రం చెరిపేసినట్టుంది.”

ఆమె ముఖం పాలిపోయింది. తేరుకుని, “పోన్లెండి సార్,” అంది. “కాయితం లేకపోతేనేం, మీరున్నారు గదా. నాలుగు మాటలు చెప్పండి, మీ మాటైతే నమ్ముతారు.”

తలూపాడు.

విచారణలో కరుణాకరం గంటన్నర మాట్లాడాడు. కంటిపాప గురించి చెప్పాడు, భాషలో ఉండే చిక్కుల గురించి చెప్పాడు, యంత్రానికి ఉండే పరిమితుల గురించి చెప్పాడు. ఎవరూ అడ్డుకోలేదు. చివరి వరుసలో నీలవేణి ఆయన నోటికేసి చూస్తూ కూర్చుంది.

‘ఆమె చెప్పింది. నేను వినలేదు.’

ఆ గంటన్నరలో రానివి సరిగ్గా ఈ నాలుగే మాటలు. ఆ రోజు కారులో ఒంటరిగా ఇంటికి వెళుతూ వాటిని పైకే అన్నాడు. ఏమీ తడబడకుండా వచ్చేశాయి.