గాజుగొంతులో కూనిరాగం

"చనిపోయిన మనిషి కూనిరాగం తీస్తాడాండీ?"

గుమ్మంలోనే నిలబడి ఆ మాట అడిగింది వచ్చినామె. గొడుగు ముడవడం కూడా మరిచిపోయింది. దాని అంచుల నుంచి కారిన వాన నీళ్ళు లోపల మడుగు కట్టాయి. ఆ మడుగు వంక బావగారు దిగులుగా చూశారు. పొద్దున ఆ గచ్చు తుడిచింది ఆయనే మరి.

బావగారంటే డిటెక్టివ్‌కు అక్క మొగుడు. గోడౌన్‌లో సరుకుల లెక్క చూసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుంటే భార్య పనులు పురమాయిస్తోందని మరదలి దగ్గర అసిస్టెంటుగా చేరారు. ఇక్కడ పని రెట్టింపైనా ఆయన నోరెత్తలేదు. మరదలి బుర్ర మీద ఆయనకు అంత గురి. తన కళ్ళజోడు ఎక్కడుందో ఆమె చెప్పినా సరే, పదిమందికి చెప్పుకుని మురిసిపోతారు. బయటివాళ్ళు ఆమెను డిటెక్టివమ్మ అంటారు. ఆ పిలుపు వెనక కొంత వెటకారం ఉందని తెలిసినా ఆమె పట్టించుకోదు.

"కూర్చోమ్మా. పోయిందెవరు? పాడుతున్నదెవరు?" అంది డిటెక్టివమ్మ.

"మా అన్నయ్య. రెండూ ఆయనే."

డిటెక్టివమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. వచ్చినామె కంగారుగా బావగారి వైపు చూసింది.

"నిద్ర కాదమ్మా, వినడమే. నువ్వు చెప్పు," అన్నారాయన గొంతు తగ్గించి.

ఆమె చెప్పింది. అన్నయ్య ప్రోగ్రామర్. 'గాజుగొంతు' అని ఒక సాఫ్ట్‌వేర్ సింథసైజర్ తయారుచేశాడు. కంప్యూటర్‌లోనే ఉండే వాయిద్యం అది. కీబోర్డు తగిలించి మీట నొక్కితే, తడి వేలితో గ్లాసు అంచు రుద్దినట్టు పలుకుతుంది. ఒకప్పుడు పాటలు కట్టేవాళ్ళంతా దాని కోసం ఎగబడ్డారు. తర్వాత వ్యాపారం చూసుకునే భాగస్వామి దాన్ని ఆపేశాడు. ఐదేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్నే అన్నయ్య చెప్పులు రిజర్వాయరు కట్ట మీద దొరికాయి. రెండు రోజులకు మనిషి తేలాడు.

"ఎప్పుడూ భుజానే ఉండే ల్యాప్‌టాప్ దొరకలేదు. దాంతో సహా దూకేశాడన్నారు. తన వాయిద్యం ఆగిపోయిందన్న దిగులుతో పోయాడన్నారు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మకేం చేస్తానండీ? ఆ ముందు రోజు సాయంత్రమే నేను వెళ్ళాను. టీ గిన్నె స్టవ్ మీద పెట్టి మరిచిపోయి మాడబెట్టుకునే మనిషి. అందుకని, నీళ్ళు కాగితే పిలిచే రకం కేటిల్ కొనిచ్చాను. తెగ సంబరపడ్డాడు. టీ తాగి వెళ్ళవే అన్నాడు. బస్సు పోతుందని డబ్బా కూడా విప్పకుండానే వచ్చేశాను." ఆమె అప్పటికి గొడుగు ముడిచి పక్కన పెట్టింది. "ఆ ఒక్క కప్పు టీ కోసం ఆగి ఉంటే మనసులో మాట చెప్పేవాడేమో. నా వల్లే పోయాడేమో. ఐదేళ్ళుగా ఇదే."

బావగారికి కళ్ళు చెమర్చాయి. డిటెక్టివమ్మ మాత్రం కళ్ళు తెరవలేదు.

"ఇంట్లో ఏం దొరికాయి?"

"ఏముంటాయండీ? స్టవ్ మీద కేటిల్, కడిగి బోర్లించిన రెండు కప్పులు. కేటిల్ తెచ్చి అటకెక్కించాను, చూడలేక. ఇంటర్నెట్ కూడా ఉండేది కాదు ఇంట్లో. తన ప్రోగ్రాం ఎవరైనా లాగేస్తారని భయం ఆయనకు."

"మరి కూనిరాగం?"

"ఆ భాగస్వామే గాజుగొంతును మళ్ళీ అమ్మకానికి పెడుతున్నారు. ఒక మ్యూజిక్ డైరెక్టరు గారికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారట. ఆయన వాయిస్తుంటే లోపలి నుంచి అన్నయ్య... నేనూ విన్నాను. 'వస్తున్నా' అంటున్నాడు. అదేదో వైరస్ అంటున్నారు భాగస్వామి. ఎల్లుండి హక్కుల కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు. అన్నయ్యకు ఇష్టం లేకే ఇలా వస్తున్నాడా అని..."

డిటెక్టివమ్మ కళ్ళు తెరిచింది. "సంతకం సంగతి తర్వాత. ముందు మీ అన్నయ్యను విందాం పద."

*

స్టూడియో గదికి కిటికీ లేదు. గోడలకు దట్టంగా స్పాంజి అంటించి ఉంది. లోపలికి వెళ్ళగానే తన ఊపిరి తనకే వినిపించి బావగారికి ఇబ్బందిగా అనిపించింది. మ్యూజిక్ డైరెక్టరు భారీ మనిషి. అయినా తోడు లేకుండా ఆ గదిలో కూర్చోవడం మానేశాడట. మూలన స్టూలు మీద ఆయన డ్రైవరు కునుకుతున్నాడు.

"ఒకటి రెండు నిమిషాలు వాయిస్తే ఏం ఉండదండీ. ఆపకుండా వాయిస్తూ పోతేనే," అని ఆయన మీటల మీద చేతులు పెట్టాడు.

గాజు పలికింది. చల్లని, సన్నని నాదం గది నిండా పరుచుకుంది. ఆ నాదం సాగి సాగి, వింటున్నవాళ్ళ కళ్ళు బరువెక్కుతుండగా, దాని అడుగు నుంచి ఒక మగగొంతు కూనిరాగం మొదలుపెట్టింది. ఎవరో సరిగ్గా వెనక నిలబడి పాడుతున్నట్టుంది. బావగారు గిరుక్కున వెనక్కి తిరిగారు. స్పాంజి గోడ తప్ప ఏమీ లేదు.

కూనిరాగం వెనక, దూరంగా, ఒక ఈల. తక్కువ స్థాయిలో మొదలై, ఉన్నట్టుండి పైకి ఎగబాకింది. కుర్చీ జరిగిన చప్పుడు.

"వస్తున్నా... వస్తున్నా," అంది గొంతు. ఆ తర్వాత మళ్ళీ గాజు నాదం ఒక్కటే మిగిలింది.

చెల్లెలు చెవులు మూసుకుని ఏడుస్తోంది. బావగారి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దయ్యాలున్నాయని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు మాత్రం కాస్త ఆలోచించుకోవాలనిపించింది.

"ఎప్పుడూ ఇవే మాటలా?" అడిగింది డిటెక్టివమ్మ.

"ఇవేనండీ. అక్షరం తేడా ఉండదు."

"దయ్యమైతే ఇంకో మాట కూడా మాట్లాడేది. మీరు ఇదివరకు వాడిన పాత కాపీలో ఇది వచ్చేదా?"

"లేదు. డబ్బు కట్టి కొన్నదది. పాత కంప్యూటర్‌తో పాటే అదీ పోయింది."

*

గాజుగొంతుకు మూడో మనిషి ఒకాయన ఉన్నాడు. ఆ గ్లాసుల మోతలన్నీ రికార్డు చేసిన మాస్టారు. ఇప్పుడు ఒక ఇరుకు దుకాణంలో మిక్సీలు బాగుచేస్తున్నాడు. చెవికి మిషన్ పెట్టుకున్నాడు.

"నెలల తరబడి గ్లాసులు రుద్దానమ్మా. అమ్మే పెట్టె మీద నా పేరు లేదు," అన్నాడు స్క్రూ బిగిస్తూ. "పోట్లాడాను కూడా. ఆ పోయినవాడు మంచివాడే. తర్వాతి దాంట్లో నీ పేరు వేస్తానురా అన్నాడు. ఆ తర్వాతిది రానేలేదు."

"కూనిరాగం గురించి ఏమైనా తెలుసా?"

మాస్టారు చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "పెట్టాడా అయితే? కొనకుండా వాడుకునేవాళ్ళకు మధ్యమధ్యలో ఏదో చప్పుడు వచ్చేలా చేయడం మా పనిలో మామూలే. విసుగెత్తి కొనుక్కుంటారని. ఇదివరకు బర్రుమనే మోత పెట్టేవాడు. కొత్తదాంట్లో నా గొంతే పెడతా అన్నాడు. నా కంప్యూటర్‌లో తప్ప ఎక్కడ వాయించినా కాసేపటికి నేనొస్తా, కొన్నవాళ్ళకు మాత్రం నేనే తాళం తీసిస్తా అని నవ్వేవాడు."

"ఆయన మంచి కాపలాదారే," అంది డిటెక్టివమ్మ.

*

భాగస్వామిని అందరూ షోరూమ్ అనేవారు. నలగని కోటు, చెదరని క్రాపు, బట్టల కొట్టు అద్దంలో నిలబెట్టిన బొమ్మలా ఉంటాడు. చెల్లెలిని చూడగానే లేచి కుర్చీ వేశాడు. ఆమె అతన్ని కూడా అన్నయ్యా అనే పిలిచింది.

"అంతా ఆ ల్యాప్‌టాప్‌తోనే మునిగిపోయింది మేడమ్. కొత్తవాళ్ళను పెట్టి మొదటి అక్షరం నుంచీ మళ్ళీ రాయించాను," అన్నాడు.

"మీ స్నేహితుణ్ణి చివరిసారి ఎప్పుడు చూశారు?"

"పోవడానికి నెల ముందు. మా మధ్య మాటల్లేవు. పెద్ద కంపెనీకి అమ్మేద్దామంటే వినలేదు. పిచ్చి మనిషి."

"ఏదీ, కాస్త వాయించి చూపించండి."

బల్ల మీద కీబోర్డుకు ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. అతను కవరు పైనుంచే ఒక మీట నొక్కాడు, ఇంకోటి నొక్కాడు, వేలు రుమాలుతో తుడుచుకున్నాడు. "సరుకు అమ్మడానికి ఇంత చాలు మేడమ్."

బయటికి రాగానే డిటెక్టివమ్మ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. "అటక మీది కేటిల్ దించమ్మా. రేపు అందరం స్టూడియోలో కలుద్దాం."

బావగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అర్థమైనట్టు తల ఊపారు.

*

మరునాడు మధ్యాహ్నం స్టూడియోలో అంతా సర్దుకు కూర్చున్నారు. షోరూమ్ మాటిమాటికీ టైం చూసుకుంటున్నాడు. తలుపు దగ్గర మామూలు బట్టల్లో ఒక ఇన్‌స్పెక్టరు. పక్కనున్న చిన్న వంటగదిలో బావగారు కేటిల్‌కు కాపలా. డిటెక్టివమ్మ సైగ చేయగానే మంట పెంచాలి. అంతే ఆయన పని. అయినా రెండుసార్లు మూత తీసి నీళ్ళు చూసుకున్నారు.

మ్యూజిక్ డైరెక్టరు వాయించాడు. గాజు సాగింది. కూనిరాగం వచ్చింది. షోరూమ్ ముఖంలో రంగు మారడం తెరిచిన తలుపు లోంచి బావగారికి స్పష్టంగా కనబడింది. అతను దాన్ని వినడం అదే మొదటిసారి.

ఈల లేచింది. "వస్తున్నా... వస్తున్నా."

వాయిద్యం ఆగింది. కానీ ఈల ఆగలేదు. తక్కువ స్థాయిలో మొదలై పైకి ఎగబాకి, అదే ఈల, ఇప్పుడు వంటగది నుంచి వస్తోంది. మాస్టారు చెవి మిషన్ సర్దుకుని, "అదే. రెండూ ఒకటే," అన్నాడు మెల్లగా.

బావగారు మంట తగ్గించి గదిలోకి వచ్చారు.

"ఆయన బతికుండగా ఈ కేటిల్ ఆ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క సాయంత్రం," అంది డిటెక్టివమ్మ. "చెల్లెలు వెళ్ళాక ఆయన డబ్బా విప్పి నీళ్ళు పెట్టాడు. కాగేలోపు కాపలా కోసం కూనిరాగం రికార్డు చేశాడు. కేటిల్ పిలిచింది, వస్తున్నా అని లేచాడు. అది కూడా రికార్డయింది. చెరిపెయ్యలేదు, అలాగే వాయిద్యంలో చేర్చేశాడు. ముచ్చటపడి ఉంటాడు."

"పాత రికార్డింగులు ఎక్కడో దొరికి ఉంటాయి మావాళ్ళకు," అన్నాడు షోరూమ్.

"ఎక్కడ దొరుకుతాయి? ఇంట్లో ఇంటర్నెట్ లేదు, ఎవరికీ పంపలేడు. ఆ రికార్డింగు ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్‌లోనే. అది నీళ్ళలో మునిగి ఉంటే ఈ కూనిరాగం కూడా మునిగిపోవాలి. మీ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చిందంటే, అది మునగలేదు. ఆ సాయంత్రం ఎవరో పట్టుకెళ్ళారు. రెండు కప్పులు కడిగి ఉన్నాయి. చెల్లెలు టీ తాగలేదు. మరి రెండోది ఎవరు తాగారు?"

ఆమె చూపు మాస్టారి మీదుగా మ్యూజిక్ డైరెక్టరు వైపు సాగింది.

"ల్యాప్‌టాప్ మాస్టారి చేతిలో పడి ఉంటే, ఆయన రికార్డింగు మనిషి, మొదటి నుంచి చివరిదాకా విని ఈ గొంతు తీసేసేవారు. మ్యూజిక్ డైరెక్టరు గారైతే ఈ గొంతు సంగతి బయటికి చెప్పేవారే కాదు. తను అమ్మే వాయిద్యాన్ని ఒక్కసారి కూడా కూర్చుని వాయించని మనిషి ఈ గదిలో ఒక్కరే ఉన్నారు. మీకు దాని ధర తెలుసు. దాని గొంతు తెలియదు."

షోరూమ్ లేవబోయాడు. ఇన్‌స్పెక్టరు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. కోటు నలగని ఆ మనిషి ఉన్నపళంగా కూలబడ్డాడు.

"టీ తాగాం," అన్నాడు. "అమ్మేద్దామని బతిమాలాను. అలా కట్ట మీద నడుస్తూ మాట్లాడుకుందాం రా అన్నాను. బరువెందుకు, నేను మోస్తాలే అని బ్యాగు తీసుకున్నాను. మళ్ళీ కాదన్నాడు. నవ్వుతూ కాదన్నాడు. అందుకే తోశాను. ఈత రాదని నాకు తెలుసు."

చెల్లెలు అతని ముందుకు వెళ్ళి నిలబడింది. అరుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నారు బావగారు. ఆమె అతన్ని ఒక్క మాటే అడిగింది.

"నవ్వుతూనా?"

అతను తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు అతన్ని తీసుకెళ్ళాక చెల్లెలు డిటెక్టివమ్మ పక్కన చతికిలబడింది.

"అయితే అన్నయ్య చావాలనుకోలేదా అక్కా? నేను ఆగి ఉంటే..."

"నువ్వు ఆగి ఉంటే ఒక కప్పు టీ తాగేదానివి. అంతే. రేపు ఎవడో తన వాయిద్యం కొనకుండా వాడతాడేమోనని కాపలా పెట్టుకున్నాడమ్మా మీ అన్నయ్య. చావబోయేవాడు రేపటికి కాపలా పెట్టుకోడు. నువ్విచ్చిన కేటిల్ చూసుకుని కూనిరాగం తీస్తూ ఉన్నాడు ఆ సాయంత్రం. నీ చెవులతో విన్నావుగా."

ఐదేళ్ళ బరువు దిగిన మనిషి ఏడుపు వేరేలా ఉంటుంది. ఆమెను చూస్తూ బావగారు కూడా సిగ్గు విడిచి ఏడ్చేశారు. మాస్టారు చెల్లెలి దగ్గరికి వచ్చాడు. "ఆ ఈల తీసేసి, వాడి గొంతు ఒక్కటే శుభ్రం చేసి ఇవ్వనా తల్లీ?"

"వద్దు మాస్టారూ. అలాగే ఉండనివ్వండి. పెట్టె మీద మీ పేరు మాత్రం వేయిస్తాను."

బావగారు తగ్గించారే గానీ మంట ఆర్పలేదు. వంటగదిలో నీళ్ళు మళ్ళీ మరిగి, కేటిల్ పిలవడం మొదలుపెట్టింది. తక్కువ స్థాయిలో మొదలై పైపైకి లేచింది. మ్యూజిక్ డైరెక్టరు ఉలిక్కిపడ్డాడు. మూలనున్న డ్రైవరు స్టూలు మీద నుంచి లేచేశాడు. బావగారు పరుగెత్తబోతే డిటెక్టివమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

చెల్లెలు కళ్ళు తుడుచుకుని లేచింది.

"వస్తున్నా, వస్తున్నా," అంటూ వంటగదిలోకి వెళ్ళి, అందరికీ కప్పులు సర్ది, మొదటి కప్పు తనకు పోసుకుంది.